డైవింగ్ బృందానికి సరదా పేరు: ఒంగోలు, కావలి, నెల్లూరు మిత్రులకు నా సలహా

మీ ప్రశ్న సంగతి ముందు చెప్పేస్తాను. ఒంగోలు, కావలి, నెల్లూరుల్లో ఉండే కొందరు ఈత స్నేహితులు కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. వీలైనప్పుడు విశాఖకో పుదుచ్చేరికో వెళ్ళి స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళ అడుగున ఈదడం, చేస్తారు. మిగతా సెలవుల్లో మైపాడు తీరంలోనో కొత్తపట్నం తీరంలోనో ఈత, కయాకింగ్ (సన్నటి చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ పోవడం). ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉన్నారు, ఈత ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. సముద్రం గుర్తొచ్చే సరదా పేరు కావాలి. మీరు అనుకున్నవి ఐదు: ఓషన్ వారియర్స్, సునామీ రైడర్స్, డెత్ డైవర్స్, కోరల్ కింగ్స్, జలధి. వీటిలో ఏది బాగుందని అడిగారు.

నా మాట అడిగితే ఐదూ వద్దు. ఈత, డైవింగ్ నేర్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. అండమాన్‌లో, పుదుచ్చేరిలో పనిచేసి ఇప్పుడు మన తీరానికే వచ్చేశాను. కొత్త బృందం మొదలైతే పేరు పెట్టే చోట నన్నూ కూర్చోబెట్టడం అలవాటైపోయింది. అందుకే ఈ ఐదూ ఎందుకు వద్దో చెప్పి, తర్వాత నాకు నచ్చిన పేర్లు ఇస్తాను.

ఓషన్ వారియర్స్‌లో తప్పేమీ లేదు, ప్రత్యేకతా లేదు. గూగుల్‌లో వెతికితే ఆ పేరుతో ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు, మీరు మాత్రం కనబడరు. పైగా వారంలో ఆరు రోజులు ఆఫీసులో కూర్చుని ఏడో రోజు నీళ్ళలో దిగే మనం సముద్రంతో ఏం యుద్ధం చేస్తాం చెప్పండి.

సునామీ రైడర్స్ పేరును హైదరాబాదులో ఎవరైనా పెట్టుకుంటే నేను పట్టించుకోను. మన దగ్గర మాత్రం కుదరదు. 2004 డిసెంబరు 26న మన రెండు జిల్లాల తీరంలోనూ అల ఊళ్ళమీదికి వచ్చింది. మత్స్యకారుల పాలేల్లో ఆ రోజు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీరు కయాక్ దించడానికి సాయం పట్టేది వాళ్ళే. వాళ్ళ ముందు టీషర్టు మీద సునామీ అని రాసుకుని నిలబడటం ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

డెత్ డైవర్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పేర్లు కుర్రాళ్ళకు భలే నచ్చుతాయి. నేను ప్రతి పేరుకూ ఒక పరీక్ష పెడతాను. మన పత్రికల్లో సముద్రం వార్త ఎట్లా వస్తుందో మీకు తెలుసు: ‘మైపాడు బీచ్‌లో యువకుడు గల్లంతు’. అక్కడ యువకుడు అన్న మాట తీసేసి మీ బృందం పేరు పెట్టి చదవండి. చదవగానే ఒళ్ళు జలదరిస్తే ఆ పేరు పనికిరాదు. డెత్, సూసైడ్, మునిగిపోదాం, తిరిగిరాం లాంటివన్నీ ఈ పరీక్షలోనే పోతాయి. ఒంగోలు వాళ్ళకైతే ఇది మరీ చెప్పక్కర్లేదు. 2017 నవంబరులో కృష్ణా నదిలో విజయవాడ పక్కన ఫెర్రీ అనే రేవు దగ్గర పడవ బోల్తా పడినప్పుడు పోయినవాళ్ళలో చాలామంది ఒంగోలు వాళ్ళే. సరదాగా విహారానికి వెళ్ళిన జనం. ఆ ఊళ్ళో పడవ మునగడం మీద జోకు వేస్తే నవ్వేవాళ్ళు దొరకరు. అసలు ఇంట్లోవాళ్ళు పంపించాలి కదా! ‘అమ్మా, డెత్ డైవర్స్‌తో పోతున్నా’ అని ఏ అమ్మాయి చెప్పగలదు?

కోరల్ కింగ్స్ వద్దనడానికి కారణం వేరు. మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో అవి ఉన్నది అండమాన్ నికోబార్‌లో, లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతంలో, గుజరాత్‌లో కచ్ సింధుశాఖలో. మన దగ్గర అడుగున ఇసక, ఒండ్రు. పెన్నా, గుండ్లకమ్మ, మన్నేరు, పాలేరు, మూసి (హైదరాబాదుది కాదు, మన ప్రకాశంలోది) అన్నీ మట్టిని తెచ్చి ఇక్కడే కలుపుతాయి. వానల తర్వాత ఒడ్డుకు దగ్గర్లో మునిగితే చాచిన చేయి కనబడటమే గొప్ప. నెల్లూరు పేరు పక్కన కోరల్ అని చూసి ఎవరైనా డబ్బు కట్టి వస్తే, మాస్కు పెట్టుకుని నీళ్ళలో చూసి, పైకొచ్చి మిమ్మల్ని చూస్తారు. అదే మసక నీళ్ళ మీద మీరే జోకు వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ‘బురదబాతులు’ అని పెట్టుకోండి, నేను మొదటి టీషర్టు కొంటాను.

ఇక జలధి. వినడానికి అందంగా ఉంది, తెలుగులో చక్కగా ఇముడుతుంది. చిక్కు ఎక్కడంటే, అది తుపాను పేరు. మన వైపు సముద్రాల్లో పుట్టే తుపాన్లకు పెట్టడానికి 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి. మొత్తం 169 పేర్ల ఆ జాబితా 2020 ఏప్రిల్‌లో వచ్చింది. మన దేశం ఇచ్చినవి ఇవీ: గతి, తేజ్, మురసు, ఆగ్, వ్యోమ్, ఝర్, ప్రొబాహో, నీర్, ప్రభంజన్, ఘుర్ని, అంబుద్, జలధి, వేగ. గతి 2020లోనూ తేజ్ 2023లోనూ వచ్చిపోయాయి. మిగతావి వరసలో ఉన్నాయి. బంగ్లాదేశ్ జాబితాలో అర్ణబ్ ఉంది, సముద్రానికి మనం వాడే అర్ణవమే అది. అంటే ఏదో ఒక ఏడాది కార్తీకంలో టీవీలన్నీ ‘తీరం వైపు దూసుకొస్తున్న జలధి’ అని గంటగంటకూ చెబుతుంటే మీ క్లబ్బు ఫోను మోగుతూనే ఉంటుంది. నీళ్ళ పేర్లు వెతికేవాళ్ళంతా సంస్కృత నిఘంటువే తెరుస్తారు. వాతావరణ శాఖవాళ్ళు తెరిచిందీ అదే. కాబట్టి పేరు ఖాయం చేసేముందు ఆ జాబితా ఒకసారి చూసుకోండి. ఆ పేర్లకు పెట్టిన నియమాలు మాత్రం బాగుంటాయి: పొట్టిగా ఉండాలి, ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు మించకూడదు, పలకడం తేలిక కావాలి, ఎవరినీ నొప్పించకూడదు. మనమూ అవే పాటిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎన్నో పేర్లు పుట్టడం, మాసిపోవడం చూశాక నాకు తేలింది ఒకటే. జోకు మన మీద ఉన్న పేరే నాలుగు కాలాలు నిలుస్తుంది. సముద్రం మీద గొప్పలు పోయే పేరు, సముద్రాన్ని ఎగతాళి చేసే పేరు రెండో ఏటికే మొహం మొత్తుతాయి. వేటకు పోయేవాళ్ళు గంగమ్మకు దణ్ణం పెట్టుకునే గానీ పడవ తొయ్యరు. వాళ్ళ పడవల మీద పేర్లు చూడండి: దేవుళ్ళు, మేరీమాత, ఏసుప్రభువు, కన్నబిడ్డలు. సముద్రానికి సవాలు విసిరే పేరు వెతికినా కష్టం మీద దొరుకుతుంది. మన ఈత రాకపోవడం మీద, భయం మీద, పొట్ట మీద ఎంతైనా నవ్వుకోవచ్చు.

ఆ దారిలో నాకు అన్నిటికంటే నచ్చింది ‘సొరకాయలు’. మన పల్లెల్లో బావిలో ఈత నేర్చుకునే పిల్లలకు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టేవాళ్ళు, మునగకుండా. అది ఈత నేర్చుకునేవాడి గుర్తు. సొర అంటే షార్కు. మీ బృందంలో కొత్తగా చేరినవాళ్ళంతా సొరకాయలు, సర్టిఫికెట్ తెచ్చుకున్నాక సొరలు. అంటే ఒక్క పేరులోనే రెండు మెట్లు, ప్రమోషన్ పండగ కూడా వచ్చేశాయి. ఇక డైవింగ్ నుంచి తిరిగొచ్చి ‘ఇంత పొడుగు సొర నా పక్కనే పోయింది’ అని చెప్పే కబుర్లలో సగం సొరకాయ కోతలేనని మీకూ తెలుసు. ఆ ఎగతాళి కూడా పేరులోనే ఉంది. శ్రీకాకుళం వైపు సొరకాయను ఆనపకాయ అంటారు కాబట్టి అక్కడివాళ్ళకు ఈ జోకు వివరించాల్సొస్తుంది. మన దగ్గర ఆ అవసరం లేదు.

‘మీనరాశి’ స్కూబా వాళ్ళకు చక్కగా సరిపోతుంది. స్కూబాలో ఎవరూ ఒంటరిగా దిగకూడదు, పక్కన ఒక జోడీ ఉండాలి. ఒకరి గాలి ఒకరు చూసుకోవాలి, ఒకరి పరికరం ఒకరు సరిచూడాలి. మీనరాశి బొమ్మలో ఉన్నదీ రెండు చేపలే. లోగో ఉచితంగా దొరికినట్టే. ‘మీదే రాశి?’ అని ఎవరు అడిగినా బృందమంతా ఒకే జవాబు చెప్పొచ్చు. పడవ అంచున కూర్చుని దూకాలా వద్దా అని అరగంట ఆలోచించే మిత్రుల కోసం ‘మీనమేషాలు’ అని వేరే గ్రూపు పెట్టుకోండి. అలాంటివాళ్ళు ప్రతి బృందంలోనూ ఉంటారు. నిజం చెప్పాలంటే దూకేసేవాళ్ళకంటే వాళ్ళంటేనే నాకు నమ్మకం ఎక్కువ.

కయాకింగ్ ఎక్కువగా చేసేవాళ్ళకు ‘నీళ్ళు నమిలేవాళ్ళం’ బాగుంటుంది. మొదటి నెలంతా జరిగేది అదే కదా, పైగా ఉప్పునీళ్ళు. సముద్రానికి దూరంగా కంభం, మార్కాపురం వైపు ఉన్నవాళ్ళు చెరువుల్లో తెడ్డు వేస్తుంటే ‘మూడు చెరువుల నీళ్ళు’ అని పెట్టుకోవచ్చు. కంభం చెరువు ఎటూ ఒకటి, మిగతా రెండూ వాళ్ళిష్టం. స్విమ్మింగ్ పూల్‌లోనే నేర్చుకుని ఇంకా సముద్రం చూడనివాళ్ళు ‘బావిలో కప్పలు’ అని తమకు తామే పెట్టుకుంటే ఎదుటివాళ్ళకు వెక్కిరించే అవకాశం ఉండదు.

పోటీలు పెట్టే ఆలోచన ఉంటే ‘ఆటుపోటీలు’. ఇది బృందానికి కాకపోయినా ఏటా జరిపే ఈత పోటీకి భలే కుదురుతుంది. అలల మీద పలక వేసుకుని ఎగిరేవాళ్ళకు ‘అలకొమ్మచ్చి’. నలభై దాటిన మగవాళ్ళు పొద్దున్నే ఈతకు వస్తుంటే ‘మీసాల రొయ్యలు’. రొయ్యకు బారెడు మీసం ఉంటుంది కానీ అపాయం వస్తే తోక కొట్టి వెనక్కి దూసుకుపోతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళకు నవ్వు రెండింతలు. పైగా రొయ్యల చెరువుల నెల్లూరులో రొయ్య పేరు చెప్తే గౌరవమే గానీ తక్కువేమీ లేదు. చిన్నపిల్లల ఈత బడికి ‘నెత్తళ్ళు’ ముద్దుగా ఉంటుంది, ఆ చిన్న చేపలు గుంపు వదలవు. పీతలు, ఎండ్రకాయలు అని మాత్రం పెట్టుకోకండి. బుట్టలో ఒకదాన్నొకటి కిందికి లాక్కునే ఆంధ్రా పీతల జోకు తెలియని తెలుగువాడు లేడు. మీ బృందంలో మొదటి గొడవ రాగానే ఊరంతా ఆ జోకే చెప్తుంది.

అన్నిటికంటే చిన్నది, అరవడానికి తేలికైనది ‘బుడుంగు’. పక్కన బ్యాచ్ చేర్చుకోవచ్చు, చేర్చుకోకపోవచ్చు. రాయి వేసినా మనిషి దూకినా వచ్చే చప్పుడు అదే.

ఊపిరి బిగబట్టి మునిగే ఫ్రీడైవింగ్ మీద మీలో ఎవరికైనా మోజు ఉంటే వాళ్ళకు ‘దుర్యోధనుడి మడుగు’ ఉంది. జలస్తంభన విద్యతో నీళ్ళ అడుగున కూర్చున్నవాడు మన కథల్లో ఆయనే. బయటికొచ్చాక తొడలు విరిగిన సంగతి గుర్తుచేసేవాళ్ళు ఉంటారు, దానికి సిద్ధపడండి.

ఇక్కడ డైవింగ్ తెలిసినవాడిగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. పేరు చూడటానికి సరదాగానే ఉంటుంది, కానీ కొత్తవాళ్ళ తలలోకి అదే ముందు ఎక్కుతుంది. స్కూబాలో మొట్టమొదటి పాఠం ఊపిరి బిగబట్టవద్దని. సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి లేస్తే బయటి ఒత్తిడి తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కాబట్టి స్కూబా బృందానికి ‘ఊపిరి బిగబట్టు’ లాంటి పేరు పెడితే తప్పు పాఠం నేర్పినట్టు. ఒంటరి తిమింగలం, ఏకాకి సొర లాంటివీ అంతే, జోడీ పద్ధతికి విరుద్ధం. లోతుల అంకెలూ పేరులో వద్దు. మొదటి స్థాయి సర్టిఫికెట్‌కు హద్దు 18 మీటర్లు, ఆ పైది 30, వినోదం కోసం చేసే డైవింగ్ మొత్తానికి 40. ‘40 మీటర్ల మొనగాళ్ళు’ అని పెట్టుకుంటే, నిన్నగాక మొన్న సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడికి ఆ అంకె అందుకోవాలనిపిస్తుంది. పేరు వల్ల టెన్షన్ పడే పరిస్థితి మనకెందుకు?

లోగోలోనూ రెండు చిక్కులున్నాయి. బొటనవేలు పైకెత్తిన చెయ్యి వేయిస్తారు చాలామంది. నీళ్ళలో ఆ సైగకు అర్థం ‘బాగుంది’ కాదు, ‘డైవ్ చాలించి పైకి పోదాం’ అని. బాగుంది అనాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. రెండోది, ఎర్ర జెండా మీద ఐమూలగా తెల్ల చార. అది కింద డైవర్లు ఉన్నారు, పడవలు దూరంగా పోవాలి అని చెప్పే గుర్తు. సగం తెలుపు సగం నీలం ఉన్న జెండాకూ దాదాపు అదే పని. టీషర్టు మీద వేసుకుంటే ఫర్వాలేదు గానీ, క్లబ్బు జెండాగా చేసి పడవ మీద ఎప్పుడూ ఎగరేస్తే నిజంగా కింద మనుషులున్న రోజున ఎవరూ పట్టించుకోరు. ఆపదలో ఉన్న పడవలు రేడియోలో వాడే మేడే అన్న మాట కూడా పేరులో రాకూడదు.

ఊరి పేరు కలపాలా వద్దా అనేది మీ మూడు ఊళ్ళ మధ్య తగువు పెట్టే విషయం. కలపండి, కానీ జిల్లా పేరు వద్దు. ప్రకాశం జిల్లా 1970లో పుట్టినప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం అయింది. నెల్లూరు జిల్లా పేరు 2008లో మారింది. 2022 ఏప్రిల్‌లో హద్దులే మారిపోయి చీరాల, వాడరేవు బాపట్లకు పోయాయి, సూళ్ళూరుపేట తిరుపతికి పోయింది, కందుకూరు నెల్లూరులో కలిసింది. వాడరేవులో ఎవరైనా ప్రకాశం పేరుతో క్లబ్బు పెట్టుకుని ఉంటే వాళ్ళు కదలకుండానే జిల్లా దాటిపోయినట్టు. ఊళ్ళు, ఏళ్ళు, రేవులు అంత తొందరగా మారవు.

నెల్లూరు వాళ్ళకు సింహపురి ఉంది. దాని పక్కన ‘సీ లయన్స్’ పెడితే ఇంగ్లీషు, తెలుగు రెండూ అతుకుతాయి. సీ లయన్ మన సముద్రాల్లో లేని జంతువు, నిజమే, కానీ నెల్లూరులో సింహమూ లేదు కదా. ఒంగోలు వాళ్ళకు గిత్త ఉంది. ‘నీటి గిత్తలు’ అంటే ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చెప్పక్కర్లేదు. బ్రెజిల్‌లో ఆ ఒంగోలు జాతి పశువులనే నెలోరె అంటారు. గిత్త ఎవరిదన్న మీ రెండు ఊళ్ళ గొడవ సముద్రం దాటి అక్కడిదాకా పోయిందన్నమాట. పెన్నాలో, బకింగ్‌హాం కాలువలో తెడ్డు వేసేవాళ్ళకు పినాకిని పేరు నిండుగా ఉంటుంది.

మీ విషయంలో మాత్రం మూడు ఊళ్ళకూ నడుమ ఉన్న కావలే దారి చూపిస్తోంది. ‘కడలి కావలి’. ఊరి పేరు ఊరి పేరుగా ఉంది, సముద్రానికి కాపలా అన్న అర్థమూ వచ్చింది, చెవికీ బాగుంది. ఒడ్డున చెత్త ఏరే కార్యక్రమం పెట్టినా, ఏటా చలికాలం చివర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కోసం అటవీ శాఖవాళ్ళతో కలిసి రాత్రి కాపలా కాసినా ఆ పేరు నప్పుతుంది. నెల్లూరు, ఒంగోలు సభ్యులు కొంచెం ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి.

అంటే సొరకాయలా, కడలి కావలా? రెండూ. మనకు బళ్ళో రాయించిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఒకటి ఉన్నట్టే బృందానికీ రెండు ఉండటం మేలు. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ అడిగేటప్పుడు, మెరైన్ పోలీసులకు ముందుగా సమాచారం ఇచ్చేటప్పుడు ‘సొరకాయలు అండీ’ అంటే అవతలివాళ్ళు కాగితం పక్కన పెడతారు. అక్కడ కడలి కావలి. వాట్సాప్‌లో, టీషర్టు మీద, ఒడ్డున కేకలేసుకోవడానికి సొరకాయలు.

రిజిస్టర్ చేయించాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఇప్పటికే ఉన్న సొసైటీ పేరును పోలిన పేరు ఇవ్వరు. ప్రభుత్వ సంస్థేమో అనిపించే పేర్లకు, జాతీయ నాయకుల పేర్లకు 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం అడ్డొస్తుంది. అందుకని నేషనల్, ఇండియన్, నేవీ, కోస్ట్ గార్డ్ మాటల జోలికి పోవద్దు. డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థల పేర్లు, వాళ్ళ కోర్సుల పేర్లు కలపకండి. పిల్లలకు నచ్చుతుందని కార్టూన్ చేపల పేర్లూ వద్దు, వాటి వెనక పెద్ద కంపెనీల లాయర్లు ఉంటారు. టీషర్టులు అమ్మే ఆలోచన ఉంటే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటులో 25వ తరగతి, 41వ తరగతి రెంటిలోనూ వెతకండి. మొదటిది బట్టలకు, రెండోది క్రీడలకు, శిక్షణకు. వెతకడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు.

కులాల పేర్లను సరదాకు వాడటం అసలు వద్దు. పట్నం కుర్రాళ్ళు కొందరు జాలరి గ్యాంగ్ లాంటి పేర్లు పెట్టుకుంటుంటారు. వాళ్ళకు అది స్టైలు. పాలెంలో ఉన్నవాళ్ళకు అది వాళ్ళ బతుకు, వాళ్ళను చిన్నచూపు చూస్తూ ఎవరో అన్న మాట. మీరు ఏ రేవులో దిగుతారో అక్కడి పెద్దలకు పేరు ఖాయం కాకముందే ఒకసారి చెప్పండి. వేట నిషేధం ఉండే రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మరపడవల వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. పేరు నచ్చకపోతే ముఖం మీదే చెప్పేస్తారు, అదీ మనకు లాభమే. ‘ఏందబ్బయ్యా ఆ పేరు’ అని నవ్వారంటే పాసైనట్టు లెక్క.

ఆడవాళ్ళు ఉన్నారన్నారు కాబట్టి పేరు చివర గాళ్ళు, బాయ్స్, మొనగాళ్ళు లాంటివి వద్దు. మునకగాళ్ళు అన్న పేరు నాకెంతో ఇష్టం, అయినా వదులుకోమంటాను. దండు, గుంపు, బ్యాచ్ అందరికీ సరిపోతాయి. గ్యాంగ్ అంటే పోలీసు స్టేషన్లో మరో అర్థం ఉంది.

పేరు తేల్చుకున్నాక మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి జోరు మీదున్నప్పుడు ఒకరు మోకాలి లోతు నీళ్ళలో, ఒకరు ఇసక దిబ్బ మీద నిలబడి ఆ పేరు పెట్టి అరవండి. వేవ్స్, డైవర్స్ లాంటివి చివర్న గాలికి కొట్టుకుపోతాయి, ఆ సకారం అవతలికి చేరదు. అచ్చుతో ముగిసే తెలుగు పేర్లు బాగా పోతాయి. ‘బుడుంగో’ అని సాగదీస్తే ఒడ్డు చివరిదాకా వినబడుతుంది. ఇది ఆటకు చెప్పడం లేదు. ఎవరైనా కెరటాల అవతలికి కొట్టుకుపోతుంటే వెనక్కి పిలవడానికి మొదట ఉండేది గొంతే. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554, అది పేరుతో పాటు టీషర్టు వీపు మీద వేయిస్తే ఇంకా మంచిది.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేరు తెలుగు అక్షరాల్లో పెట్టనివ్వదు, ఇంగ్లీషు అక్షరాలే, అదీ 30కి మించకూడదు. కాబట్టి పేరును పదిమందికి వినిపించి ఇంగ్లీషులో రాయమనండి. ఈత అన్న మాటకే ఒకరు రెండు ఈలు పెడతారు, ఒకరు ఐ పెడతారు, ఒకరు టి పక్కన హెచ్ తగిలిస్తారు, ఇంకొకరు తగిలించరు. పదిమందీ పదిరకాలుగా రాస్తే వెతికేవాళ్ళకు మీరు దొరకరు. బుడుంగును దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. సొరకాయలు కూడా ఫర్వాలేదు. ‘మీనమేషాలు’ దగ్గర షకారం చిక్కుపెడుతుంది, ‘నీళ్ళు నమిలేవాళ్ళం’ అయితే ఆశ వదులుకోండి.

చివరగా టీషర్టులు. మన ఊళ్ళ ప్రింటింగ్ షాపుల్లో చాలావాటిలో ఇప్పటికీ పాత తెలుగు ఫాంట్లే ఉంటాయి. వాట్సాప్‌లో టైపు చేసి పంపిన పేరును వాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తులు పక్కకు జారతాయి, గుడి తీసి ఇంకో చోట పెడుతుంది, ఒక్కోసారి డబ్బాలు వస్తాయి. తెలుగు సరిగ్గా తెలిసిన డిజైనర్‌తో అక్షరాలను బొమ్మగా మార్పించి, పీడీఎఫ్ ఇవ్వండి. మొత్తం ఆర్డరు ఇచ్చేముందు ఒక్క టీషర్టు వేయించి, బృందంలో తెలుగు బాగా చదివేవాళ్ళ చేతికివ్వండి. సొరకాయలులో ఒత్తులే లేవు, నీళ్ళులో ళకారం కింద ళవత్తు ఉంది. షాపువాడు తప్పు చేయగలిగింది అక్కడే.